కేసు షీటులో ఆ మాట

గుంటూరు

బుజ్జీ,

నువ్వు పంపిన నోట్సు చూశాను. ప్రతి పేషెంటుకూ 'హాల్యూసినేషన్' అని రాసేశావు. ఆ మాటను అంత ధారాళంగా వాడకూడదు తల్లీ. బయట ఏమీ లేకుండానే, మెలకువలో ఉన్న మనిషికి ఉన్నట్టే కనపడినా వినపడినా అప్పుడే ఆ మాట. పందొమ్మిదో శతాబ్దంలో ఎస్కిరోల్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్నీ ఇల్యూజన్‌నీ విడదీసి చెప్పాడు. సెలైన్ స్టాండును చూసి ఎవరో నిలబడ్డారంటే ఇల్యూజన్. స్టాండు ఉంది, మనిషే లేడు. లైటు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఖాళీ గోడ మీద చీమలు పాకుతున్నాయంటే హాల్యూసినేషన్. తమ్ముడు అన్నంలో విషం కలిపాడని ఎంత చెప్పినా వినకుండా నమ్మితే డెల్యూజన్, దానికి కంటితో పనిలేదు. మే నెలలో మంగళగిరి దగ్గర హైవే మీద కనపడే నీళ్ళు ఈ మూడూ కావు. వేడిగాలిలో వెలుతురు వంగడం వల్ల వస్తాయి, ఫోనులో ఫొటోకీ పడతాయి.

కేసు షీటులో ముందు పేరు పెట్టకు. పేషెంటు అన్న మాట అన్నట్టే రాసి టైము వెయ్యి. నిద్రలోకి జారేటప్పుడా, పూర్తి మెలకువలోనా అని అడుగు. నిద్ర పట్టేటప్పుడు కనపడేవి ఏ జబ్బూ లేనివాళ్ళకీ వస్తాయి. చూపు బాగా తగ్గిన పెద్దవాళ్ళకు బొమ్మలు కనపడుతుంటాయి, అవి నిజం కావని చాలామందికి తెలుసు కూడా. దాన్ని పిచ్చి కింద జమ కట్టకు. 'అక్కడేం లేదు, పడుకో' అని కసరకు. 'నాకు కనపడటం లేదండీ, నేనిక్కడే ఉన్నాను' అను.

కంటికి కనపడేవైతే ముందు ఒంట్లో తేడా వెతకాలి. జ్వరం, షుగరు, ఆక్సిజన్ చూడు. తాగుడు ఉన్నట్టుండి మానేసిన రెండు నుంచి నాలుగు రోజుల్లో వణుకు, చెమటలు, పురుగులు కనపడటం మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరును వెంటనే పిలువు.

మన మిర్చి, పత్తి ఊళ్ళ నుంచి పురుగుమందు కేసులు వస్తాయి కదా, విరుగుడుగా అట్రోపిన్ అనే మందు ఎక్కిస్తారు. చెమట ఆగి ఒళ్ళు పొడిగా కాలిపోతూ, కనుపాపలు పెద్దవై, పల్సు పరిగెడుతూ, పేగుల చప్పుడు ఆగి, గాల్లో దారాలు లాగుతున్నట్టు వేళ్ళు ఆడిస్తుంటే అట్రోపిన్ ఎక్కువైందని అనుమానించాలి. డ్రిప్ నీ అంతట నువ్వు మార్చకు. ఇవన్నీ వరసగా రాసి డ్యూటీ డాక్టరుకు ఫోను చెయ్యి, మంచం రెయిలింగు ఎత్తి పెట్టు.

డోసులు ఫోనులోని ఏఐని అడగకు. అది లేనిది ఉన్నట్టు చెప్పడాన్ని కూడా ఇప్పుడు హాల్యూసినేట్ అనే అంటున్నారు. 2023లో కేంబ్రిడ్జి డిక్షనరీ ఆ ఏడాది మాటగా దాన్నే ఎంచింది.

ఆశీస్సులతో,
అమ్మ