రక్తపరీక్ష బాగుందంటే సరిపోదురా

ఒరేయ్ రాంబాబూ,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి రౌండ్స్ టైమై ముక్తసరిగా చెప్పి పెట్టేశాను. ఫ్లూతో చేరిన మీ బావగారికి వెంటిలేటర్ మీద ఫంగస్ ఎలా వచ్చింది, ఆసుపత్రిలోనే అంటుకుందా అన్నావు కదా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

దాని పేరు ఆస్పర్‌జిల్లస్. బీజాలు గాలిలో ఎక్కడపడితే అక్కడుంటాయి. నువ్వూ నేనూ రోజూ వందల్లో పీలుస్తాం. రెండు మూడు మైక్రాన్లే కాబట్టి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. మామూలుగా అక్కడి రక్షణ కణాలు వాటిని మింగేస్తాయి. ఫ్లూ గానీ కోవిడ్ గానీ ముదిరితే శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, ఆ కణాలూ నీరసపడతాయి. దానికి తోడు స్టెరాయిడ్లు. కోవిడ్‌లో వాటిని తప్పు పట్టను. 2020లో బ్రిటన్‌లో ‘రికవరీ’ అనే పేరుతో రోగుల మీద ట్రయల్ చేస్తే, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో 28 రోజుల మరణాలు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల 41 శాతం నుంచి 29కి తగ్గాయి. ఫ్లూకి అంత గట్టి ఆధారం లేదు, అందుకే నేను ఆచితూచి ఇస్తాను.

బెల్జియం, నెదర్లాండ్స్‌లలో 7 ఐసీయూల్లో 432 మంది ఫ్లూ రోగుల వివరాలు తీసి 2018లో ప్రచురించారు. 19 శాతం మందికి ఈ ఫంగస్ ఉంది. రోగనిరోధక శక్తి బాగానే ఉన్నవాళ్లలో కూడా 14 శాతం! ఫంగస్ సోకినవాళ్లలో 51 శాతం మంది 90 రోజుల్లోపే పోయారు, సోకనివాళ్లలో 28. సగం మందిలో ఐసీయూలో చేరిన మూడు రోజుల్లోపే బయటపడింది. కాబట్టి ఆసుపత్రే అంటించిందని ఖాయంగా అనలేం. అక్కని ఆ బాధ పెట్టుకోవద్దని చెప్పు.

నన్ను కలవరపెట్టేది ఆలస్యంరా. జ్వరం, సీటీలో మచ్చలు వైరస్ వల్లా రావచ్చు. రక్తంలో గెలాక్టోమానన్, అంటే ఈ ఫంగస్ విడిచే పదార్థం, నెగెటివ్ అనగానే చాలామంది ఊరుకుంటారు. ఇలాంటి రోగుల్లో అది నెగెటివ్ వచ్చినా ఊపిరితిత్తుల్లో ఫంగస్ ఉండొచ్చు. బ్రాంకోస్కోపు, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం, ఊపిరితిత్తుల్లోకి పంపి, సెలైన్ పోసి వెనక్కి లాగిన నీటిని పరీక్షించాలి. ఒక్కోసారి శ్వాసనాళం గోడమీద పాత సున్నం పెచ్చులు లేచినట్టు తెల్లగా పొరలు కనిపిస్తాయి. అవి చూశామంటే ఇక రిపోర్టు కోసం ఆగం, మందు మొదలుపెట్టేస్తాం.

2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు క్యూ కట్టిన బ్లాక్ ఫంగస్ ఇది కాదు. అది మ్యూకర్ అనే వేరే ఫంగస్, ఎక్కువగా ముక్కు, కన్ను మీద పడింది. దానికి ఆంఫోటెరిసిన్ అనే మందు వాడారు. ఆస్పర్‌జిల్లస్‌కి ముందుగా వాడే వొరికొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు. అందుకే ఏ ఫంగసో తేల్చుకోవడం అంత ముఖ్యం.

రేపు డాక్టర్‌గారిని మూడు అడుగు: బ్రాంకోస్కోపీ చేశారా, ఆ నీటిలో ఏం వచ్చింది, వొరికొనజోల్ మోతాదు రక్తంలో చూస్తున్నారా. ఆ మందు ఒంట్లో ఒక్కొక్కరికి ఒక్కోలా నిలుస్తుంది. ఎక్కువైతే లివర్ దెబ్బతింటుంది, తక్కువైతే ఫంగస్ లొంగదు. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఫోటో తీసి పంపు, దానితో పడనివి చాలా ఉన్నాయి. బావగారికి మెలకువ వచ్చాక కళ్లముందు మెరుపులు, రంగులు కనిపిస్తున్నాయంటే కంగారుపడకండి. అది ఈ మందు వల్ల కావచ్చు, డాక్టర్‌గారి చెవిన వేయండి.

రాత్రి ఎంతైనా సరే, ఫోన్ చెయ్.

నీ
మురళి