మళ్లీ గాల్లోకి పంపినవాళ్లందరికీ కృతజ్ఞతలు

చలికాలమంతా నేల మీదే ఉండి, ఈ వారాంతంలో మళ్లీ ఒంటరిగా గ్లైడర్ ఎగరేశాను. క్షేమంగా దిగాను. ఇందులో నా కష్టం కొంతే. మిగతాదంతా జర్మనీలో మా గ్లైడింగ్ క్లబ్బువాళ్లది, మా ఇంట్లోవాళ్లది. వాళ్లకు నోటితో ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తృప్తిగా లేదు, అందుకే అందరిముందూ రాస్తున్నాను. క్లబ్బువాళ్లకు తెలుగు రాదు కాబట్టి శనివారం కూర్చోబెట్టి నేనే చదివి చెప్తాను. తెలుగులోనే ఎందుకు రాస్తున్నానంటే, విజయవాడలో ఉన్న మావాళ్లు “ఇంజిన్ లేని విమానమేంటి, అందులో నువ్వొక్కదానివే వెళ్లడమేంటి, మాకు టెన్షన్‌గా ఉంది” అని ఫోన్ చేసిన ప్రతిసారీ అంటూనే ఉన్నారు. నన్ను గాల్లోకి పంపేది ఎలాంటి మనుషులో వాళ్లకూ తెలియాలి.

మేముండేది హెస్సెన్ రాష్ట్రంలో. ఇక్కడికి దగ్గర్లోనే రోన్ కొండలున్నాయి. వాటిలో అన్నిటికన్నా ఎత్తయినది వాసర్‌కుప్ప, 950 మీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందంతో జర్మన్లకు ఇంజిన్ విమానాల దారి మూసుకుపోతే, కుర్రాళ్లు సొంతంగా చేసుకున్న గ్లైడర్లు మోసుకుని ఈ కొండెక్కారు. 1920లో మొదటి పోటీలు ఇక్కడే జరిగాయి. ఆ కొండకింద పోపెన్‌హౌజెన్ అనే చిన్న ఊళ్లో 1927 నుంచి ష్లైషర్ కంపెనీ గ్లైడర్లు తయారుచేస్తోంది. నేను నేర్చుకున్న రెండు సీట్ల గ్లైడర్ ఏఎస్‌కె 21 కూడా ఆ ఊరిదే. వందేళ్లుగా తాతలు మనవళ్లకు నేర్పుతూ వచ్చిన విద్య ఇది. ఎక్కడో కృష్ణా ఒడ్డున పుట్టిన నాకు కూడా అంతే ఓపికగా నేర్పారు. దానికే జీవితాంతం రుణపడి ఉంటాను. ఈ పోస్టు మాత్రం ఈ వసంతం గురించి.

ఇక్కడ అక్టోబరు దాటితే సీజన్ అయిపోయినట్టే. రెక్కలు విప్పి గ్లైడర్లను ట్రెయిలర్లలో పెట్టేస్తాం. మళ్లీ మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో బయటికి తీస్తాం. ఈ మధ్యలో మనిషి చేతులూ కళ్లూ కూడా కొంత బిగుసుకుపోతాయి, ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా సరే. చిక్కేమిటంటే అది మనకు తెలియదు. సైకిల్ తొక్కడం ఎలా మర్చిపోమో ఇదీ అంతే అనిపిస్తుంది. పైగా చేతిలో లైసెన్సు ఉంటుంది. యూరప్ నిబంధనల ప్రకారం గడిచిన 24 నెలల్లో 5 గంటలు ఎగరడం, 15 లాంచ్‌లు (నేలమీంచి గాల్లోకి లేవడాలు), ఇన్‌స్ట్రక్టర్‌తో 2 శిక్షణ ఫ్లైట్లు ఉంటే చాలు, ఆ లైసెన్సు పనికొస్తుంది. ఆ లెక్కన క్లబ్బు తలుపులు తెరిచిన రోజే నేను తిన్నగా వెళ్లి ఎక్కేయొచ్చు. మా క్లబ్బు ఒప్పుకోదు. కాగితం మీద ఉన్న అర్హత వేరు, ఈ రోజు ఈ గాలిలో ఎగరగలగడం వేరు అని వాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం కోసం తమ శని, ఆదివారాలు ఖర్చుపెడతారు. నా కృతజ్ఞత ముఖ్యంగా దానికే.

ముందుగా వర్క్‌షాప్ పెద్దాయనకు. డెబ్భై దాటిన మనిషి. చలికాలంలో శనివారాలు మమ్మల్నందరినీ చుట్టూ చేర్చుకుని గ్లైడర్లు శుభ్రం చేయించి, మైనం పట్టించి, ఒక్కో కీలూ ఒక్కో పిన్నూ తడిమి చూపించారు. వసంతంలో రెక్కలు మళ్లీ బిగించాక ఆయన చేయించే పరీక్ష ఒకటుంది. లోపల ఒకరు గ్లైడర్‌ను నడిపే స్టిక్ కదుపుతుంటే, బయట ఇంకొకరు రెక్క చివరనున్న కదిలే పలకను, అంటే ఎయిలరాన్‌ను, అరచేతులతో కదలకుండా పట్టుకోవాలి. లోపల బిగువు తెలిస్తేనే ఆ రెంటినీ కలిపే రాడ్డు నిజంగా తగులుకుందని అర్థం. కంటికి కనిపించింది కదా అని ఆయన ఊరుకోరు. ఒక్కో రెక్కకూ, తోకకూ, దిగేటప్పుడు వాడే రెక్కల మీది ఎయిర్‌బ్రేకులకూ విడివిడిగా చేయిస్తారు. చలికి చేతులు కొంకర్లు పోతున్నా తొందరపడనివ్వరు. కంట్రోల్స్ సరిగా తగిలించకుండా ఎగిరిన గ్లైడర్లు ప్రపంచంలో చాలానే కూలాయి. ఆ భయం మాకు లేకుండా చేసింది ఆయనే.

ఫిబ్రవరిలో సాయంత్రం క్లాసులు పెట్టినవాళ్లకు కూడా పేరుపేరునా థాంక్స్. జర్మనీలో విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే బీఎఫ్‌యూ తన రిపోర్టులను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. వాటిలో కొన్నిటిని ముందేసుకుని, ఎవరినీ తప్పుపట్టకుండా, “ఆ సీట్లో మనమే ఉంటే ఏం చేసేవాళ్లం” అని మాట్లాడించారు. కాండోర్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్ మీద సర్క్యూట్లు, అంటే దిగే ముందు మైదానం పక్కగా తిరిగొచ్చే దారి, తిప్పించారు. ఫ్లార్మ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించారు. దగ్గర్లో ఇంకో గ్లైడర్ ఉంటే హెచ్చరించే చిన్న పెట్టె అది.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది హ్యాంగర్‌లో చేయించిన సాధన. సీట్లో కూర్చోబెట్టి, బెల్టులు కట్టించి, కళ్లు మూసుకోమన్నారు. “పసుపు” అనగానే, గ్లైడర్‌ను పైకి లాగే తాడు వదిలే పిడి మీద చెయ్యి పడాలి. “నీలం” అంటే ఎయిర్‌బ్రేకులు. “ఆకుపచ్చ” అంటే స్టిక్ మీద చేతి బరువు తగ్గించే ట్రిమ్. “ఎరుపు” అంటే పైనున్న గాజుమూత ఎగరగొట్టే పిడి. రంగులు తారుమారు చేసి, వేగం పెంచి, మధ్యలో మాటల్లో పెట్టి మళ్లీ అడిగారు. చెయ్యి తడుముకోకుండా వెళ్లేదాకా వదల్లేదు. చివర్లో మూత తీసినట్టు, బెల్టులు విప్పినట్టు, పారాచూట్‌తో సహా బయటికి దూకినట్టు చేయించారు. గాల్లో దీనికి ఉండేది కొన్ని సెకన్లే, అప్పుడు ఆలోచించుకునే టైముండదు.

ఇక మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారి గురించి. మా దగ్గర ఇన్‌స్ట్రక్టర్లెవరికీ జీతం లేదు. వారమంతా ఉద్యోగం చేసుకుని, శని, ఆదివారాలు మా వెనక సీట్లో కూర్చుంటారు. సీజన్ మొదటి రోజు ఆయన చేసిన పని చూసి నాకు దండం పెట్టాలనిపించింది. నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, అందరికన్నా ముందు తనే ముందు సీట్లో కూర్చుని, తన దగ్గర నేర్చుకుని ఇన్‌స్ట్రక్టర్ అయిన ఓ అమ్మాయిని వెనక కూర్చోబెట్టి, చెక్ ఫ్లైట్ (ఇన్‌స్ట్రక్టర్ పరీక్షించే ఫ్లైట్) చేశారు. దిగాక ఆమె చెప్పిందంతా తలూపుతూ విన్నారు. అది చూశాక మాలో ఎవరికీ చెక్ ఫ్లైట్ చిన్నతనంగా అనిపించలేదు.

నా వంతు వచ్చినప్పుడు అలవాటైన పనులతో మొదలుపెట్టించారు. తిన్నగా ఎగరడం, నిదానంగా మలుపులు. మూత మీద ముందుభాగంలో చిన్న ఉన్ని పోగు అంటించి ఉంటుంది. గ్లైడర్ పక్కకి జారుతుంటే ఆ పోగు పక్కకి వాలుతుంది. ఎంత ఖరీదైన గ్లైడర్‌కైనా ఇది ఉండాల్సిందే. “చేతులకు అంతా గుర్తుంది, పాదాలు ఇంకా నిద్ర లేవలేదు” అన్నారు వెనకనుంచి నెమ్మదిగా. అంతే, పాదాలతో కదిపే తోక చుక్కాని, రడ్డర్ గురించి ఇంకేం చెప్పలేదు. ఆ పోగు పక్కకి వాలకుండా తిన్నగా ఉండేదాకా కుడికీ ఎడమకీ మలుపులు తిప్పించారు. తర్వాత స్టాల్ (రెక్కలకు ఎత్తే బలం పోవడం), స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) మొదలవుతుండగా బయటపడటం.

ఆ తర్వాత అసలు పని, తాడు తెగితే ఏం చేయాలో. మేం ఎగిరేది వించ్‌తో. దాదాపు కిలోమీటరు అవతల పెద్ద ఇంజిన్ ఉన్న వించ్ తాడును చుట్టుకుంటుంటే, మూడు నాలుగు సెకన్లలో గ్లైడర్ గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కాసేపట్లో ముక్కు నలభై డిగ్రీల దాకా పైకి లేస్తుంది. ముప్పావు నిమిషం లోపే దాదాపు 400 మీటర్ల ఎత్తు. గ్లైడింగ్‌లో పెద్ద ప్రమాదాలు కొన్ని ఆ కాస్త సమయంలోనే జరుగుతాయి. పరుగులో రెక్క నేలకు వాలుతుంటే ఆ క్షణమే తాడు వదిలేయాలి, అందుకే ఎడమ చెయ్యి మొదటినుంచీ పసుపు పిడి దగ్గరే. మధ్యలో తాడు తెగితే ముక్కు పైకి ఉన్న గ్లైడర్ వేగం చూస్తుండగానే పడిపోతుంది. స్టిక్ ముందుకు నెట్టి ముక్కు బాగా కిందికి దించాలి. ఒళ్లు తేలిపోయినట్టు, కడుపులో ఖాళీగా అనిపిస్తుంది. ముక్కు దిగిపోయింది కదా అని వెంటనే మలుపు తిప్పినా, ఎయిర్‌బ్రేకులు తీసినా ముప్పే. వేగం మళ్లీ వచ్చేదాకా ఆగాలి. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు అలా ఆగడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఆ తర్వాతే, ఎదురుగా దిగాలా, చిన్న సర్క్యూట్ తిరిగి రావాలా అన్న నిర్ణయం.

ఆయన ఏ ఎత్తులో తాడు వదిలేస్తారో ముందు చెప్పరు. ప్రతి లాంచ్‌కు ముందు గాలి ఎటునుంచి వీస్తోందో, తక్కువ ఎత్తులో తెగితే ఏం చేస్తానో, ఎక్కువలో అయితే ఎటు తిరుగుతానో నాతోనే గట్టిగా చెప్పించేవారు. తర్వాత “టక్” మని శబ్దం, వెనక సీట్లో నిశ్శబ్దం. తక్కువ ఎత్తులో, ఎక్కువ ఎత్తులో, ఎటూ తేలని ఆ మధ్య ఎత్తులో, అన్నీ చేయించారు. చేసిన ప్రతిసారీ దిగి, గడ్డిలో గ్లైడర్ పక్కన నిలబడి, ఏ సెకనులో ఏం జరిగిందో నాతోనే చెప్పించారు. లాగ్‌బుక్‌లో సంతకం పెట్టే ముందు ఒకటే అడిగారు, “ఇప్పుడు నీకెలా ఉంది?” అని. నేను సిద్ధమని ఆయనకు ముందే తెలుసు, నాకు తెలుసో లేదో చూశారు.

ఏప్రిల్ గాలి అంత సులువైనది కాదు. చల్లని గాలి వచ్చిన మర్నాడు ఎండ కాస్తే థర్మల్స్, అంటే గ్లైడర్‌ను పైకి మోసే వేడి గాలులు, జోరుగా లేస్తాయి. మంచి పైలట్లు ఎదురుచూసే రోజులు అవే. కానీ గాలి ఎగుడుదిగుడుగా ఉంటుంది, చుట్టుపక్కల క్లబ్బులన్నీ అదే రోజు ఆకాశంలోకి వస్తాయి, అందరి కళ్లకూ పక్క గ్లైడర్లను వెతికే అలవాటు కొంత తప్పి ఉంటుంది. అందుకే నా సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) అలాంటి రోజు కాకుండా, గాలి తక్కువగా ఉన్న సాయంత్రం ఎంచారు. “ఈ రోజు ఎత్తు గురించి ఆలోచించకు, సర్క్యూట్ బాగా చెయ్యి చాలు” అన్నారు. థర్మల్స్ కోసం తర్వాతి రోజు పంపారు. అప్పటికే ఓ ఎర్రగద్ద తిరుగుతున్న చోటికి వెళ్లి, అది తిరుగుతున్న వైపే తిరిగాను. ముందు వచ్చినవాళ్లు ఎటు తిరిగితే అటే తిరగాలన్నది గ్లైడర్ల మధ్య నియమం, గద్దకు కూడా ఆ మర్యాద ఇస్తాం. ప్రపంచంలోని ఈ జాతి గద్దల్లో దాదాపు సగం జర్మనీలోనే గూళ్లు కడతాయట. రెక్క పక్కన అది తల తిప్పి నన్ను చూసింది.

గ్లైడింగ్ ఒక్కళ్లు చేసే పని కాదు. రోజంతా వించ్‌లో కూర్చుని తాడు లాగినవాళ్లకు, లేపో అని పిలిచే పాత బండిలో తాళ్లు మోసుకొచ్చిన కుర్రాళ్లకు, నా రెక్క పట్టుకుని పక్కన పరిగెత్తిన పదహారేళ్ల పిల్లకు, టేకాఫ్‌ల టైములు రాసినవాళ్లకు, దిగాక నాతోపాటు గ్లైడర్‌ను తోసుకొచ్చినవాళ్లకు మనసారా థాంక్స్.

ఇంట్లోవాళ్ల సంగతి. శని, ఆదివారాలు పిల్లల్ని చూసుకున్నది మావారు. ఒక్కసారి కూడా “ఇవాళ మానేయకూడదా” అనలేదు. విజయవాడ నుంచి వచ్చిన మా అత్తయ్యగారైతే ఓ రోజు తనే చూస్తానని మైదానానికి వచ్చారు. నేను పారాచూట్ కట్టుకోవడం చూసి ఆవిడ మొహం పాలిపోయింది. మా ఇన్‌స్ట్రక్టర్ గారు అది గమనించి, చేతిలో పని ఆపి, ఆవిణ్ని గ్లైడర్ దగ్గరకు తీసుకొచ్చారు. నన్ను తెలుగులో చెప్పమంటూ ఒక్కో పిడీ చూపించారు. ఇంజిన్ ఉంటేగా ఆగిపోవడానికి అని చెప్పి, ఈ గ్లైడర్ ఒక మీటరు దిగేలోపు దాదాపు 34 మీటర్లు ముందుకు పోతుందని, 400 మీటర్ల ఎత్తు నుంచి నిలకడైన గాలిలో లెక్క ప్రకారం 13 కిలోమీటర్లు దాటి వెళ్లగలదని వివరించారు. అత్తయ్యగారు అంతా విని, “ఇన్నాళ్లూ వెనకాల కూర్చుని మా కోడల్ని చూసుకున్నారు, ఆయనకు నా నమస్కారం చెప్పమ్మా” అన్నారు. చెప్పాను. ఆయన కూడా చేతులు జోడించారు. ఆ తర్వాత విజయవాడ ఫోన్లకు జవాబు చెప్పే పని ఆవిడే తీసుకున్నారు.

ఈ సీజన్‌లో వించ్ నడపడం నేర్చుకుంటానని పేరిచ్చాను. నన్ను పైకి లాగినవాళ్లకు నేను తిరిగి చేయగలిగేది అదే. ఇటువైపు ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా వారాంతంలో రండి, దూరం నుంచి చూసి వెళ్లిపోకుండా పలకరించండి, రెండు సీట్ల గ్లైడర్‌లో అతిథుల్ని తీసుకెళ్తారు. క్లబ్బువాళ్లందరికీ మరొక్కసారి థాంక్స్. శనివారం పొద్దున్నే హ్యాంగర్ దగ్గర కలుద్దాం, అత్తయ్యగారు అందరికీ పులిహోర చేసి ఇస్తున్నారు.