గ్రూపులో మాట్లాడనోళ్ళంతా పిరికోళ్ళేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఎడిట్ పేజీలో ఆ వ్యాసం వచ్చి పదిరోజులు దాటింది, షాపులో కుర్రాడు సెలవు పెట్టడంతో రాయడానికి తీరిక దొరకలా. సోషల్ మీడియాలో అబద్ధాలూ బూతులూ తిరుగుతుంటే చదువుకున్నోళ్ళు చూస్తూ ఊరుకుంటున్నారని, అది బాధ్యత లేకపోవడమని, పిరికితనమని ఆ రచయిత గారు బాగానే వాయించారు. చదివిన దగ్గర్నుంచి ఒళ్ళు మండుతోంది. అసలు ఆయన జన్మలో ఎప్పుడైనా ఒక వార్డు వాట్సాప్ గ్రూపులో ఉన్నారా అని నా డౌటు. ఉంటే మాత్రం మ్యూట్‌లో పెట్టుకునే ఉంటారు, లేకపోతే అంత ప్రశాంతంగా అంత పెద్ద వ్యాసం రాసే టైము ఎక్కడిది?

మా వార్డు గ్రూపు పెట్టింది కుళాయి నీళ్ళ కోసం. మా వైపు నీళ్ళు రోజు విడిచి రోజు, టైము వాళ్ళిష్టం. ఎవరింటికి ముందొస్తే వాళ్ళు ‘వచ్చాయి’ అని ఒక్క ముక్క పెడితే మిగతావాళ్ళు లేచి సంపు మూత తీసుకుంటారు, దాని పని అంతవరకే. ఇప్పుడు పొద్దున్నే ఫోను తీస్తే పైన రెండు బాణాల గుర్తుతో ఊళ్ళన్నీ తిరిగొచ్చిన వీడియో ఒకటి, దాని కింద కౌంటరు, ఆ కౌంటరుకి ఇంకో కౌంటరు, మధ్యలో ఎవరో పాపం గులాబీ పువ్వుతో శుభోదయం, వీటన్నిటి కింద ఎక్కడో ‘వచ్చాయి’ అని ఉంటుంది, అది కనపడేసరికి నీళ్ళు వచ్చీ పోయి ఉంటాయి.

పోనీ గొడవ కొత్తదా అంటే అదీ కాదు. అమరావతి రాజధాని గొడవ ఒకటి. 2015లో శంకుస్థాపన జరిగింది, 2019 చివర్లో మూడు రాజధానులన్నారు, 2022లో హైకోర్టు తీర్పొచ్చింది, 2024లో ప్రభుత్వం మారింది, 2025 మేలో ప్రధాని వచ్చి పనులు మళ్ళీ మొదలుపెట్టారు. దేశంలో ఏది మారినా మా గ్రూపులో మాత్రం అవే నాలుగు మాటలు, ఆ రోజు దాచుకున్న అవే స్క్రీన్‌షాట్లు. అది చల్లారిందనుకుంటే కృష్ణా నీళ్ళు. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చింది 811 టీఎంసీలు, విడిపోయాక 2015లో తాత్కాలికంగా ఆంధ్రాకి 512, తెలంగాణకి 299 చొప్పున వాడుకుందామనుకున్నారు, అసలు పంపకం ఏళ్ళ తరబడి ఇంకో ట్రిబ్యునల్ దగ్గర నలుగుతోంది. పెద్ద పెద్ద లాయర్లే తేల్చలేనిదాన్ని హైదరాబాదులో ఉండే బావమరిదితో కలిసి మావాళ్ళు రాత్రి పదకొండింటికి తేల్చేద్దామని కూర్చుంటారు. ఇంట్లో కుళాయి నీళ్ళకి దిక్కులేదు గానీ శ్రీశైలం నీళ్ళకి లెక్కలు!

రచయిత గారు చెప్పినట్టే నిజాలతో జవాబిచ్చినాయన కూడా ఒకరున్నారు. రిటైరైన లెక్చరరు గారు, ఓపిక మనిషి. ఈ టీఎంసీల సంగతే పాపం పుస్తకంలో పేజీలు ఫొటో తీసి, ఎక్కడ చూడాలో ఎర్రగీత కూడా గీసి పెట్టారు. దానికొచ్చిన మొదటి రిప్లై, ‘సార్ మీరు ఏ పార్టీ?’ రెండోది, ‘ఇంటిపేరు చూస్తే తెలియట్లా.’ అంతే, పేజీలు ఎవరూ తెరవను కూడా తెరవలేదు. ఆ తర్వాత నుంచి ఆయన నీళ్ళొచ్చాయా అని అడగడం తప్ప ఇంకొక్క అక్షరం రాయట్లా. మీ వ్యాసం లెక్కలో ఆయన పిరికివాడు కాబోలు.

నాది మెడికల్ షాపు. గ్రూపులో ఒకర్నొకరు తినేసేంత తిట్టుకునే ఇద్దరూ నా దగ్గరికే వస్తారు, ఇద్దరిదీ ఒకే బీపీ మాత్ర, టెల్మిసార్టన్ 40. కౌంటరు దగ్గర ఎదురుపడితే ‘ఏం అన్నా, మోకాలు ఎలా ఉంది’ అని ఎంతో మర్యాదగా పలకరించుకుంటారు, ఫోను చేతిలోకొస్తే మళ్ళీ మామూలే.

అబద్ధం చూసి ఊరుకుంటున్నాననుకోవద్దు. షుగరు మాత్రలు మానేసి కాకరకాయ రసం తాగితే చాలని ఒక ఫార్వర్డ్ ఉంది, ఎన్నేళ్ళయినా చావదు. దానికి గ్రూపులో జవాబు పెడితే ఏమంటారో నాకు తెలుసు, ‘మాత్రలు అమ్ముకునేవాడు అలాగే చెప్తాడు’ అంటారు. అందుకే అక్కడ పెట్టను. ప్రతి నెలా మెట్‌ఫార్మిన్ తీసుకునే మనిషి రాలేదంటే ఫోన్ చేస్తా. ‘ఏం పిన్నీ, ఈ నెల మాత్రలు తీసుకెళ్ళలేదే’ అంటే అప్పుడు బయటపడుతుంది రసం సంగతి. రసం తాగితే తాగు పిన్నీ, మాత్ర మాత్రం మానొద్దు, డాక్టరు గారినడగకుండా ఏదీ ఆపొద్దు అని నెమ్మదిగా చెప్తే వింటారు. నలుగురి ముందు నువ్వు తప్పని చెప్తే సొంత తమ్ముడు కూడా వినడు, ఆ రసం పంపిందే తమ్ముడైతే ఇక చెప్పక్కర్లా.

ఇంకో ముచ్చట. మా వీధి సైడు కాలువ పూడిపోయి మురుగంతా రోడ్డు మీదికొచ్చింది. గ్రూపులో దానిమీద భారీ చర్చ, ఈ కాలువ ఎవరి హయాంలో కట్టారు, కాంట్రాక్టరు ఎవరి బంధువు, అప్పుడు నోరెత్తనోడివి ఇప్పుడెందుకు మాట్లాడుతున్నావ్, ఇదీ వరస. శానిటేషన్ సారు కూడా గ్రూపులో ఉన్నారు, అన్నిటికీ రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతారు, కాలువ దగ్గరికి మాత్రం రారు. ఈ గోలలో ఒక్క మెసేజీ కూడా పెట్టని నలుగురం అర్జీ రాసుకుని సోమవారం కలెక్టరాఫీసుకి పోయాం. ఆ సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి ఒకప్పుడు మీకోసం అని పేరు, తర్వాత స్పందన, ఇప్పుడు పీజీఆర్ఎస్, ప్రభుత్వం మారితే పేరు మారుద్ది గానీ సోమవారం క్యూ మాత్రం మారలా. రసీదిచ్చారు. కొన్నాళ్ళకి ఫోనుకి మెసేజీ, మీ సమస్య పరిష్కరించబడినదట! ఎవరు పరిష్కరించారో, ఎక్కడ పరిష్కరించారో దేవుడికే ఎరుక, మురుగు మాత్రం మా గుమ్మాల ముందే ఉంది. మళ్ళీ పోయి ఆ రసీదే చూపించి ఇంకోసారి తెరిపిస్తే అప్పుడొచ్చి పూడిక తీశారు. తీసిన మట్టి ఎత్తుకెళ్ళాలిగా, ఎత్తుకెళ్ళలేదు, కాలువ ఒడ్డునే కుప్పలు పోసి, పక్కన నిలబడి ఫొటో దిగి, పైవాళ్ళకి పంపించుకుని వెళ్ళిపోయారు. మొన్న వానకి సగం మళ్ళీ కాలువలోకే జారింది. ఈమధ్య ఆఫీసుల్లో పనంతా ఇంతే, ఫొటో వస్తే పని అయిపోయినట్టే లెక్క.

కేసుల సంగతి ఆ వ్యాసంలో అసలు ఎత్తనేలేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన మాటలకి కేసులు పెట్టే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది, అయినా పోలీసులు దానికింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో ఆ కోర్టే విస్తుపోయింది. ఇప్పుడు వేరే సెక్షన్లున్నాయి, ఆ ప్రభుత్వంలో ఈ పక్కోళ్ళకి, ఈ ప్రభుత్వంలో ఆ పక్కోళ్ళకి నోటీసులు. మా ఏరియా కుర్రాడొకడు ఎవరో పంపిన పోస్టుకి ఆవేశంగా రెండు మాటలు కలిపి తిప్పాడు, స్టేషను చుట్టూ వాళ్ళ నాన్న తిరిగాడు, వీడు ఏ నాయకుడి కోసం తిట్టాడో ఆయనకి వీడి పేరు కూడా తెలీదు. రేపు మీ వ్యాసం చదివి ఇంకోడు బాధ్యతగా రంగంలోకి దిగితే జామీను సంతకానికి రచయిత గారు వస్తారా?

వెళ్ళిపోదామన్నా వీల్లేదండీ. 2022 నుంచి గ్రూపులోంచి చప్పుడు కాకుండా బయటికి పోవచ్చు, అడ్మిన్లకి తప్ప ఎవరికీ కబురు పోదు. మా అడ్మిన్ గారు మాత్రం ఎవరెళ్ళినా ‘ఫలానా వారు గ్రూపు విడిచారు, కారణం తెలియదు’ అని స్వయంగా ప్రకటిస్తారు, ఇక ఆ కారణం మీద ఇంకో రెండు రోజులు చర్చ. నీళ్ళ కబురు కోసం ఉండక తప్పదు కాబట్టి మ్యూట్ చేసి ఉంటున్నాం.

ఒక మాట అంటే మీరు కూడా నొచ్చుకోకండి. జనాన్ని ఇలా తయారు చేసిందాంట్లో మీ పేపర్లకీ టీవీలకీ వాటా లేదా? 2021లో తెలుగు టీవీ చర్చలో లైవులోనే ఒకాయన ఇంకొకాయన్ని చెప్పుతో కొట్టాడు, రోజంతా దాన్నే తిప్పి తిప్పి చూపించారు. మీ పేపర్లోనూ ‘నెటిజన్ల ఆగ్రహం’ అనే హెడ్డింగు లేని రోజు లేదు, లోపల చూస్తే ముగ్గురి కామెంట్లు తెచ్చి అతికించినవి. ఒకప్పుడు జిల్లా పేజీలో ఏ ఊళ్ళో బోరు చెడింది, ఏ స్కూల్లో పంతులు రావట్లేదు అని చిన్న చిన్న వార్తలొచ్చేవి, వాటికి ఆఫీసర్లు భయపడేవాళ్ళు. ఇప్పుడు ఆ చోటంతా ఎవరు ఎవరికి ఇచ్చిపడేశారో అదే. గొడవని మీరు అమ్ముకోవచ్చు, గొడవలోకి దిగనోళ్ళకి మాత్రం నీతులు!

నాలాంటోళ్ళు చాలామందే ఉన్నారు. మాకు అభిప్రాయాలు లేక కాదు, ఓటు రోజు ఎండలో నిలబడి వేసొస్తాం. మంచం కింద వైరు లాగి చార్జింగ్ పెట్టుకుని మరీ అర్ధరాత్రి వాదించుకునే ఓపిక లేదు, అంతే.

ఆ మట్టి కుప్ప ఇంకా కాలువ ఒడ్డునే ఉంది. మీ విలేకరి గారిని ఒకసారి షాపు దగ్గరికి పంపిస్తే నేనే తీసుకెళ్ళి చూపిస్తా, ఇంకో వాన పడకముందే అయితే మేలు. ఈ లెటరు వేస్తే పేపర్లో వేయండి గానీ మీ ఫేస్‌బుక్ పేజీలో మాత్రం పెట్టకండి, కింద ఏమేం రాస్తారో నాకు ఇప్పుడే తెలుసు.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని
(పేరు, ఊరు వేయవద్దని మనవి, తిట్టుకునే ఆ ఇద్దరూ మా ఖాతాదారులే)