ఒక్క ఓడకు కెప్టెన్ ముల్లా పేరు పెట్టండి

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక మాజీ నావికుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, నేవీ ఓడ ఒక్కదానికి కెప్టెన్ ముల్లా పేరు పెట్టమని మేం పెట్టుకున్న అర్జీలకు అతీగతీ లేదు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపామంది. ఆ ఆఫీసేమో మాకేం రాలేదంది. చివరికి వచ్చిన జవాబు ఒక్కటే, యుద్ధనౌకలకు మనుషుల పేర్లు పెట్టే ఆనవాయితీ లేదని. అందుకే ఇక నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను.

మన యుద్ధనౌక ఖుక్రీ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి దాడికి అది మునిగిపోయి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ ఓడ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను ఇంకో నావికుడికి ఇచ్చేసి, ఓడతోనే ఉండిపోయారు. పరమవీర చక్ర తర్వాతి పతకం మహావీర్ చక్ర ఇచ్చారు, కాదనను. 1989లో ఖుక్రీ పేరుతోనే ఇంకో నౌకను తెచ్చారు. అదీ 2021 డిసెంబర్ 23న ఇక్కడే, మా విశాఖలోనే సర్వీసు నుంచి తప్పుకుంది. ఓడ పేరు మళ్లీ వచ్చింది గానీ, ఆ మనిషి పేరు మాత్రం ఏ ఓడ మీదికీ ఎక్కలేదు.

మా బాధ ఎక్కడుందో చెప్తాను, దయచేసి వినండి. షిప్పింగ్ కార్పొరేషన్ తన చమురు ట్యాంకర్లకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టింది. 2023 జనవరిలో అండమాన్‌లో 21 దీవులకు 21 మంది పరమవీరుల పేర్లు పెట్టారు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని మేమూ చప్పట్లు కొట్టాం. వాళ్లందరికీ చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ 21 మందిలో ఇరవై మంది సైన్యం వాళ్లు, ఒకరు వైమానిక దళం. నేవీ నుంచి ఒక్కరూ లేరు. ఇంతవరకూ ఏ నావికుడికీ పరమవీర చక్ర రాలేదు కాబట్టి, ఆ జాబితా పట్టుకుని ఎన్ని పేర్లు పెట్టినా మా వాళ్ల వంతు రాదు. సముద్రం మీద తిరిగే ట్యాంకర్లకూ, సముద్రం మధ్యనున్న దీవులకూ సముద్రంలో ప్రాణాలిచ్చినవాడి పేరు లేకపోవడం మీకు న్యాయంగా తోస్తోందా?

ఇక ఆనవాయితీ మాట. శివాజీ పేరూ, పాతకాలపు నౌకాదళ నాయకులు ఆంగ్రే, కుంజాలి పేర్లూ నేవీ స్థావరాలకు ఉన్నాయి కదా. కోస్ట్ గార్డ్ కోసం రాణి అబ్బక్క, రాణి దుర్గావతి లాంటి ఐదు ఓడలు మా హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారయ్యాయి. వాటికి అడ్డురాని ఆనవాయితీ ముల్లా గారి దగ్గరే ఎందుకు అడ్డొస్తోంది? అయినా ఆనవాయితీలు పెట్టేదీ మార్చేదీ మీరే కదండీ.

అదే యార్డులో ఇప్పుడు నేవీకి ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులు కడుతున్నారు. 2023 ఆగస్టులో దాదాపు 19,000 కోట్ల రూపాయలకు ఒప్పందం, 2024 ఏప్రిల్‌లో మొదటిదానికి స్టీల్ కటింగ్, అంటే నిర్మాణం మొదలు. ఒక్కొక్కటి 44,000 టన్నులు. నడిసముద్రంలో ఉన్న యుద్ధనౌకలకు ఇంధనం, తిండి, మందుగుండు మోసుకెళ్లే ఓడలివి. తన ఒంటి మీద ఉన్నది తీసి పక్కవాడికిచ్చిన మనిషి పేరు వీటికి కాక ఇంకే ఓడకు నప్పుతుంది?

నేవీలో పనిచేసినవాళ్లు ఇద్దరు ఎక్కడ కలిసినా మొదటి ప్రశ్న "ఏ షిప్పు?" అనే. ఊరు, కులం, ర్యాంకు అన్నీ ఆ తర్వాతే. ఓడెక్కే గ్యాంగ్‌వే దగ్గర వేలాడే లైఫ్ రింగ్ మీద ఓడ పేరుంటుంది, ఓడలోని ఇత్తడి గంట మీదా చెక్కి ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు రోజూ ఆ గంటను బ్రాసోతో తోముతూ ఆ అక్షరాలు చూస్తాడు. ఆ కుర్రాడు "నాది ముల్లా షిప్పు" అని చెప్పుకునే రోజు రావాలని మా ఆశ.

ఓడ నీళ్లలోకి దిగాక పేరు మార్చమంటే ఎవరూ మార్చరు, అందుకే ఈ తొందర. ఖుక్రీ నుంచి ప్రాణాలతో బయటపడినవాళ్లలో ఇంకా ఉన్నవాళ్లు డెబ్బై దాటినవాళ్లే. వాళ్ల కళ్ల ముందు ఇది జరగాలి. ఐదింటిలో ఒక్కదానికి ఆయన పేరు పెట్టండి. పెట్టలేమంటే, ఎందుకో కారణం చెప్పి సంతకం చేసిన ఒక ఉత్తరమైనా పంపించండి అయ్యా.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక మాజీ నావికుడు