ఆఫీసు ప్రింటర్ల షేరింగ్ పద్ధతిని మారుస్తున్నాము: మా కస్టమర్లకు వివరణ

విజయవాడలో మా దగ్గర ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) తీసుకున్న ఆఫీసులకూ, అవసరం పడినప్పుడు పిలిచే వారికీ ఈ సంగతిని ఫోన్లో ముక్కలుగా చెప్పడం కన్నా ఒకేసారి పూర్తిగా రాయడం మంచిదనిపించింది. ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీ కేబుల్‌తో ప్రింటర్‌ను తగిలించి, దాన్ని అక్కడి నుంచి మిగతా అందరికీ షేర్ చేసే ఏర్పాటును మేము ఇకపై కొత్తగా చేయడం లేదు. ఇప్పటికే అలా నడుస్తున్న ఆఫీసులను మీ వీలును బట్టి ఒక్కొక్కటిగా మారుస్తాము. దీనివల్ల మీకు కొంత ఖర్చు ఉంది, ఒక పూట ప్రింటింగ్ ఆగుతుంది, మా ఏఎంసీ లెక్క కూడా మారుతుంది. కాబట్టి కారణాలు మీకు వివరంగా తెలియాలి.

మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ వాటికి కారణం ప్రింటర్ చెడిపోవడం కాదు. ప్రింటర్ తగిలించి ఉన్న కంప్యూటర్‌ను వాడే ఉద్యోగి సెలవు పెడితే దాన్ని ఆన్ చేసేవారుండరు. ఆన్ చేసినా, కాసేపటికి అది స్లీప్‌లోకి వెళ్తుంది. ఆ ఉద్యోగి పాస్‌వర్డ్ మార్చుకుంటే, ఆయన లాగిన్‌తో కలిపి ఉన్న మిగతా వారి కనెక్షన్లన్నీ తెగిపోతాయి. ఎవరో పంపిన ఒక పెద్ద ఫైలు క్యూలో ఇరుక్కుంటే దాని వెనక ఉన్న అందరి కాగితాలూ ఆగుతాయి. అప్పుడు స్పూలర్ సర్వీసును (ప్రింటు పనులను వరుసలో నడిపే భాగాన్ని) ఆపి, మిగిలిపోయిన ఫైళ్ళను తీసేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. గవర్నరుపేటలోని ఆడిటర్ల ఆఫీసులకు నెల నెలా 11వ తేదీన జీఎస్‌టీఆర్-1, 20వ తేదీన జీఎస్‌టీఆర్-3బి అనే జీఎస్‌టీ రిటర్నుల గడువులు ఉంటాయి. అలాంటి రోజున ఆఫీసు మొత్తం పని ఒక్క కంప్యూటర్ మీద వేలాడడం సరికాదు. పైగా మామూలు విండోస్ కంప్యూటర్ ఒకేసారి ఇరవై కనెక్షన్లకు మించి తీసుకోదు. అది సర్వర్‌గా పనిచేయడానికి తయారైనది కాదు.

ఇంతకన్నా పెద్ద కారణం భద్రత. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది. విండోస్‌లో ప్రింటింగ్ పనిని నడిపే స్పూలర్ సర్వీసుకు ఆ కంప్యూటర్ మీద సర్వాధికారాలు ఉంటాయి. నెట్‌వర్క్‌లో మామూలు యూజర్‌గా చేరినవారు కూడా డ్రైవర్ (కంప్యూటర్ ప్రింటర్‌తో మాట్లాడడానికి వాడే ప్రోగ్రాము) పేరుతో తమ సొంత ప్రోగ్రామును ఆ సర్వీసు చేత నడిపించి, కంప్యూటర్‌ను పూర్తిగా చేజిక్కించుకునే అవకాశం అప్పట్లో ఉండేది. మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేస్తూ, ఆ ఆగస్టు నుంచి అడ్మిన్ అధికారం ఉన్నవారు మాత్రమే షేర్డ్ ప్రింటర్ డ్రైవర్‌ను ఎక్కించగలిగేలా మార్చింది. ఆ తర్వాతి నెల కనెక్షన్ పద్ధతిని కూడా గట్టి చేసింది. చివర 11బి అని ఉండే ఎర్రర్ చాలా ఆఫీసుల్లో కనిపించడం మొదలైంది అప్పటి నుంచే. ఒక కంప్యూటర్‌లో అప్‌డేట్లు పూర్తిగా ఉండి, మరొకటి ఇంకా విండోస్ 7 మీదే నడుస్తున్న చోట ఇది ఎక్కువగా వస్తుంది.

ఈ ఎర్రర్‌కు యూట్యూబులో దొరికే చిట్కా ఏమిటంటే, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో) ఒక విలువను మార్చి ఆ రక్షణను తీసేయడం, లేదా అప్‌డేట్‌నే తొలగించడం. ప్రింటు వెంటనే వస్తుంది కాబట్టి మమ్మల్ని కూడా అలాగే చేయమని అడిగినవారున్నారు. గొళ్ళెం బిగుసుకుపోయిందని తలుపునే ఊడదీసినట్లుంటుంది ఆ పని. మీ టాలీ డేటా, మీ క్లయింట్ల పాన్, ఆధార్ కాపీలు అదే నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఎంత తొందరలో ఉన్నా మేము ఆ చిట్కా వాడము. అన్ని కంప్యూటర్లనూ అప్‌డేట్ చేసి సరిచేస్తాము, లేదా ప్రింటర్‌ను నేరుగా నెట్‌వర్క్‌కు కలుపుతాము.

నేరుగా కలపడమే మా కొత్త పద్ధతి. ల్యాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు) ఉన్న ప్రింటర్‌ను కేబుల్‌తో స్విచ్‌కు (నెట్‌వర్క్ కేబుళ్ళన్నీ కలిసే పెట్టెకు) కలిపి, ప్రతి కంప్యూటర్‌లోనూ దాని ఐపీ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో దాని చిరునామా సంఖ్యతో) ఒక టీసీపీ/ఐపీ పోర్టు (ఆ చిరునామాకు ప్రింటు పంపే దారి) తయారుచేస్తాము. అప్పుడు ఒక కంప్యూటర్ ఆగినా మరొకరి పని ఆగదు. ఇందులో అసలు కీలకం అడ్రస్ మారకుండా చూడడమే. మన దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్, ప్రింటర్, కంప్యూటర్లు అన్నీ ఒకేసారి లేస్తాయి, రౌటర్ అందరికీ అడ్రసులు కొత్తగా పంచుతుంది. నిన్న చివర 34 ఉన్న ప్రింటర్‌కు ఇవాళ 37 వస్తుంది. కంప్యూటర్ మాత్రం ఇంకా 34నే వెతుకుతుంది. ప్రింటర్ ముందు పచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది, స్క్రీన్ మీద ఆఫ్‌లైన్ అని ఉంటుంది, వెళ్ళి ఆపి మళ్ళీ ఆన్ చేస్తే మరో అడ్రస్ రావచ్చు. దీనికి విరుగుడుగా ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌ను (దాని సొంత గుర్తింపు సంఖ్యను) రౌటర్‌లో నమోదు చేసి, ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా రిజర్వ్ చేస్తాము. విండోస్ తానుగా వెతికి పెట్టుకునే డబ్ల్యూఎస్‌డీ పోర్టును వాడము. పోర్టు సెట్టింగుల్లో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ (ప్రింటర్ స్థితిని అడిగి తెలుసుకునే సెట్టింగ్) టిక్కును కూడా అవసరమైన చోట తీసేస్తాము. ప్రింటర్ బాగానే ఉన్నా ఆఫ్‌లైన్ అని చూపించడానికి చాలాసార్లు అదే కారణం.

ఇక్కడ మీ నుంచి ఒక సహాయం కావాలి. ఇంటర్నెట్ కంపెనీ మార్చినప్పుడు వాళ్ళు కొత్త రౌటర్ పెట్టి వెళ్తారు. దానితో మేము చేసిన రిజర్వేషన్లన్నీ పోతాయి, కొన్నిసార్లు అడ్రసుల వరుసే మారిపోతుంది. దయచేసి మార్చే ముందు మాకు చెప్పండి, వెనువెంటనే సరిచేయగలము.

ప్రింటర్లకు పేర్లు పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దాని ఫలితం చిన్నది కాదు. ఒకే మోడల్ ప్రింటర్లు రెండున్న ఆఫీసులో జాబితాలో అదే పేరు రెండుసార్లు, పక్కన కాపీ 1 అని కనిపిస్తుంది. పైగా డిఫాల్ట్ ప్రింటర్‌ను తానే నిర్ణయించే సెట్టింగ్ విండోస్‌లో ఉంది. అది ఆన్‌లో ఉంటే, చివరిగా దేనికి ప్రింటు ఇచ్చారో అదే డిఫాల్ట్ అవుతుంది. సూర్యారావుపేటలోని ఒక నర్సింగ్ హోమ్‌లో పై అంతస్తులో ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ కింద ఫార్మసీ ట్రేలోకి వచ్చి, అందరికీ కనిపించేలా పడి ఉంది. రోగి వివరాలు అలా బయటపడకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తర్వాత ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. అందుకే ఆ సెట్టింగ్‌ను ప్రతి కంప్యూటర్‌లోనూ ఆపేసి, ప్రింటర్లకు అంతస్తు, విభాగం పేర్లు పెట్టి, అదే పేరూ ఐపీ అడ్రసూ రాసిన స్టిక్కర్‌ను ప్రింటర్ మీద అంటిస్తున్నాము. పెద్ద మల్టీఫంక్షన్ మెషీన్లలో, ప్రింటర్ దగ్గరకు వెళ్ళి పిన్ నంబరు కొడితేనే కాగితం బయటికి వచ్చే సౌకర్యం ఉంటుంది. జీతాల పట్టికలు, వైద్య నివేదికలు ఇచ్చే విభాగాలకు దాన్ని తప్పనిసరిగా పెట్టుకోమని నా సలహా.

ఆటోనగర్‌లోని ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకూ, వన్‌టౌన్‌లోని హోల్‌సేల్ దుకాణాలకూ ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. మీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లను తీసేయమని మేము చెప్పడం లేదు. మూడు కాపీల కార్బన్ బిల్లు మీద సూది దెబ్బతో అచ్చు పడాలి, ఆ పని లేజర్ ప్రింటర్ చేయలేదు. వాటికి సాధారణంగా ల్యాన్ పోర్టు ఉండదు కాబట్టి, చిన్న ప్రింట్ సర్వర్ పెట్టె ద్వారా నెట్‌వర్క్‌కు కలుపుతాము. ల్యాన్ పోర్టు లేని చవక లేజర్ ప్రింటర్లలో మాత్రం చాలా వాటికి ఈ పెట్టె సరిపడదు. పేజీని తయారుచేసే పని మొత్తం కంప్యూటర్ మీదే వదిలేసే రకాలవి. వాటిని ఒకరి టేబుల్ దగ్గర, ఒకరి వాడకానికే ఉంచుకోవడం మేలు.

కొత్త ప్రింటర్ కొనేవారు ల్యాన్ పోర్టు ఉందా, మోప్రియా గుర్తు (కంపెనీ సొంత డ్రైవర్ లేకుండానే ప్రింటు తీయగలదని చెప్పే గుర్తు) ఉందా అని రెండూ చూడండి. ప్రింటర్ కంపెనీల సొంత డ్రైవర్ల నుంచి దశలవారీగా వైదొలగి, ఐపీపీ అనే ఉమ్మడి పద్ధతి వైపు వెళ్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. అంతమాత్రాన మీ పాత ప్రింటర్ రేపే ఆగిపోదు; ఉన్న డ్రైవర్లు పనిచేస్తూనే ఉంటాయి. ఈ ప్రకటనను చూపి భయపెట్టి కొత్త మెషీన్ అంటగట్టేవారి మాట వినవద్దు. అలాగే పదిమంది లోపు ఉన్న ఆఫీసుకు ప్రింట్ సర్వర్‌గా ప్రత్యేకంగా ఒక కంప్యూటర్ అవసరం లేదు. ఎవరైనా అమ్మజూపితే కొనేముందు మమ్మల్ని ఒక మాట అడగండి.

తెలుగులో ఉత్తరాలు, కరపత్రాలు ప్రింటు తీసేవారికి డ్రైవర్ మార్చినప్పుడు ఒక ఇబ్బంది రావచ్చు. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) టైపు చేసిన పీడీఎఫ్‌లో ఆ ఫాంట్ పొదిగి లేకపోతే, దాని బదులు వేరే ఫాంట్ పడి, అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు వస్తాయి. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే పీడీఎఫ్‌ను ఫాంట్‌తో సహా తయారు చేయించాలి. ఫాంట్ సరిగానే ఉండి, స్క్రీన్ మీద బాగా కనిపిస్తూ కాగితం మీద మాత్రమే వత్తులు చెదిరితే, అడోబ్ రీడర్‌లో ప్రింటు ఇచ్చేటప్పుడు అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి ప్రింట్ యాజ్ ఇమేజ్ పెట్టండి. నిదానంగా వస్తుంది, కానీ వత్తులు, గుణింతాలు చెదరకుండా వస్తుంది.

స్కానింగ్ విషయంలో కొందరికి మా నిర్ణయం కష్టంగా ఉండవచ్చు. పాత కాపియర్లు స్కాన్ చేసిన ఫైలును ఫోల్డర్‌లోకి పంపడానికి ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతిని వాడతాయి. 2017 మే నెలలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది దానిలోని లోపం ద్వారానే. అదే ఏడాది చివరి నుంచి కొత్తగా ఎక్కించే విండోస్ 10లో ఆ పద్ధతిలో ఫైళ్ళను అందుకునే భాగం ముందుగా ఉండదు. మేము దాన్ని తిరిగి ఆన్ చేయము. అలాంటి మెషీన్లకు ఈమెయిల్ ద్వారా స్కాన్ ఏర్పాటు చేస్తాము. జీమెయిల్ 2022 మే 30 నుంచి మెషీన్లలో మామూలు పాస్‌వర్డ్‌ను అంగీకరించడం మానేసింది కాబట్టి, రెండంచెల ధృవీకరణ పెట్టి యాప్ పాస్‌వర్డ్ (ఆ మెషీన్ కోసమే జీమెయిల్ ఇచ్చే ప్రత్యేక పాస్‌వర్డ్) తీసుకోవాలి. తర్వాత ఎప్పుడైనా మీరు జీమెయిల్ పాస్‌వర్డ్ మారిస్తే ఆ యాప్ పాస్‌వర్డ్ రద్దవుతుంది, స్కాన్ ఆగిపోతుంది. అది మెషీన్ లోపమని అనుకోవద్దు.

లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించవద్దు. అచ్చును వేడితో కాగితానికి పట్టించే భాగం లాగే కరెంటును 600 వీఏ యూపీఎస్ మోయలేదు. రౌటర్‌నూ స్విచ్‌నూ మాత్రం తగిలించండి.

ఇక డబ్బు సంగతి. మా ఆదాయంలో విజిట్ చార్జీలది పెద్ద వాటా. కొత్త పద్ధతిలో మీరు మమ్మల్ని పిలవవలసిన అవసరం తగ్గుతుంది, ఆ ఆదాయమూ తగ్గుతుంది. అందుకే వచ్చే ఏప్రిల్ నుంచి ఏఎంసీని ప్రింటర్ల సంఖ్యను బట్టి ఏడాదికి ఇంత అని తీసుకుంటాము, విజిట్‌కు విడిగా తీసుకోము. తరచుగా ఇబ్బంది పడుతున్న ఆఫీసులకు మొత్తం ఖర్చు తగ్గుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లే పిలిచేవారికి పెరుగుతుంది. వారు ఏఎంసీ లేకుండా, పిలిచినప్పుడే చార్జి ఇచ్చే పద్ధతిలో కొనసాగవచ్చు. కేబుల్, స్విచ్, ప్రింట్ సర్వర్ పెట్టె ధరలను మీ ఆఫీసు చూసిన తర్వాత కాగితం మీద రాసి ఇస్తాము, మీరు ఒప్పుకున్నాకే పని మొదలుపెడతాము.

ప్రింటర్ల అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కంపెనీ ఇచ్చినదే ఉంచకుండా మార్చి, కవరులో పెట్టి యజమానికే అందజేస్తాము. రేపు మీరు వేరే సర్వీసు వారి దగ్గరకు వెళ్ళినా ఆ పాస్‌వర్డ్ మీదే. ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి ప్రోగ్రాము) అప్‌డేట్ మాత్రం మిమ్మల్ని అడగకుండా చేయము. భద్రత కోసం అది మంచిదే, కానీ కొన్ని మోడళ్ళలో అప్‌డేట్ తర్వాత రీఫిల్ కార్ట్రిడ్జ్‌లను మెషీన్ తిరస్కరిస్తుంది. రీఫిల్ వాడేవారికి లాభనష్టాలు రెండూ చెప్పి, నిర్ణయం వారికే వదిలేస్తాము.

ఆడిటర్ల ఆఫీసులకు 21 నుంచి నెలాఖరు మధ్య తేదీలే ఇస్తున్నాము. ఆసుపత్రులకు ఆదివారం మధ్యాహ్నం వస్తాము, అప్పుడు బిల్లింగ్ కౌంటర్ ప్రింటర్‌ను చివర్లో మారుస్తాము. రౌటర్ పాస్‌వర్డ్, కంప్యూటర్ల అడ్మిన్ పాస్‌వర్డ్‌లు తెలిసినవారు ఆ పూట ఆఫీసులో ఉంటే పని ఒక్క విడతలో పూర్తవుతుంది. తేదీ కోసం మీరు ఎప్పుడూ చేసే నంబరుకే ఫోన్ చేయండి.