గుర్రాన్ని ఎక్కడ కట్టాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నగరం చుట్టూ వెలుస్తున్న గుర్రపు స్వారీ క్లబ్బుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఫీజులు రాశారు, వారాంతపు బ్యాచ్‌లు రాశారు, పక్కనే మంచి కాఫీ దొరుకుతుందనీ రాశారు. ఆఖర్న, సరదా ముదిరితే సొంత గుర్రం కొనుక్కుని నెలకింతని కట్టి అక్కడే ఉంచుకోవచ్చని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను, మా అమ్మాయి, ఒక నోరు లేని ఆడ గుర్రం ఏడాదిపాటు నలిగిపోయాం. అందుకే ఈ ఉత్తరం.

మాది తెనాలి. మా నాన్న జట్కా తోలేవారు. ఇంటి వెనక తాటాకు పాకలో గుర్రం, గోడకు ఇవతల మా మంచాలు. రాత్రిపూట గుర్రం ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్న చప్పుడుకే ఆయనకు మెలకువ వచ్చేది. సాయంత్రం ఇంట్లో మాకు అన్నం ఉడికే వేళకే దానికి ఉలవ గుగ్గిళ్లు ఉడికేవి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అని జనం విసుక్కుంటూ అంటారు. నాన్నకు అది విసుగు కాదు, అలాగే ఉండాలి మరి అనేవారు. ఆటోలు పెరిగి బేరాలు పడిపోయాక 1983లో దాన్ని అమ్మేశారు. కొన్నవాణ్ని ఎక్కడ కడతావు, రాత్రి ఎవరుంటారు అని అడగలేదే అని చాలాకాలం బాధపడ్డారు.

నేను హైదరాబాద్ వచ్చి హార్డ్‌వేర్ దుకాణం పెట్టుకుని ముప్పై ఏళ్లు. మా అమ్మాయికి స్వారీ పట్టుబడ్డాక, మలక్‌పేటలో పరుగు పందేలు అయిపోయిన ఏడేళ్ల గుర్రాన్ని తీసుకున్నాం. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని చుక్క అని పిలుచుకున్నాం. లాయం ఎంచుకోవడంలో మాత్రం నాన్న దగ్గర పెరిగినవాణ్నయి ఉండి కూడా పచ్చిక చూసి, తెల్ల రంగు వేసిన కంచె చూసి మోసపోయాను. మొయినాబాద్ వైపు ఒక చోట నెలకు పాతిక వేలకు కుదుర్చుకున్నాం.

అక్కడ నేను చూడనివి ఒక్కొక్కటే తర్వాత బయటపడ్డాయి. పన్నెండు గుర్రాలకు ఒక్కడే సైస్, అంటే గుర్రాలను చూసుకునే మనిషి. రాత్రి తొమ్మిది దాటితే అతను రెండు కిలోమీటర్ల దూరంలోని గదికి వెళ్లిపోతాడు. నీళ్లు పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్. మామూలు రోజుల్లోనే గుర్రం ముప్పై నలభై లీటర్లు తాగుతుంది, ఎండాకాలం పని చేస్తే ఇంకా ఎక్కువ. ఎండుగడ్డి, అంటే కోసి ఎండబెట్టిన పచ్చిక, ధర పెరిగిందని మాకు చెప్పకుండా వరిగడ్డి వేయడం మొదలుపెట్టారు. నీళ్లు చాలని గుర్రానికి వరిగడ్డి మేపితే ఆ మేత పేగు మలుపు తిరిగే చోట గడ్డ కడుతుంది. ఇది పశువైద్యుడు చెప్పాక తెలిసిన విషయం.

ఏప్రిల్‌లో ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి ఫోన్ వచ్చింది. మేము వెళ్లేసరికి చుక్క ఒళ్లంతా చెమట. దానికి రంపపు పొట్టు అంటుకుని ఉంది. గోడ మీద గిట్టలు గీసిన గీతలు. మెడ తిప్పి తన డొక్కవైపే చూసుకుంటోంది, పై పెదవి పైకెత్తుతోంది. నాన్న చేసినట్టే డొక్కకు చెవి ఆనించాను. బాగున్న గుర్రం కడుపులో ఎప్పుడూ ఏదో ఒక గుడగుడ ఉంటుంది, దూరంగా ఉరిమినట్టు. ఆ రోజు ఎంతసేపు ఆనించినా ఏమీ వినపడలేదు. అంత భయం నాకు ఆసుపత్రి వరండాల్లో కూడా కలగలేదు.

డాక్టరు గారు నలభై కిలోమీటర్ల దూరం నుంచి వచ్చారు. గుండె నిమిషానికి అరవై నాలుగు సార్లు కొట్టుకుంటోంది, ముప్పై, నలభై మధ్య ఉండాల్సింది. గుర్రాలకు వాంతి చేసుకోవడం చేతకాదు. కడుపు నిండిపోతే పగలడమే. అందుకే ముందు ముక్కులోంచి గొట్టం వేసి లోపల చేరినది బయటికి తీశారు, తర్వాత లిక్విడ్ పారఫిన్ పట్టించారు. ఆయన వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట, "ఎప్పట్నుంచి దొర్లుతోంది?" ఒక్కరూ చెప్పలేకపోయారు. అర్ధరాత్రి మొదలైందో, నాలుగింటికి మొదలైందో చూసిన మనిషే లేడు. సాయంత్రం నాలుగు దాటాక నాలుగు ఉండలు లద్దె వేసింది. అది చూసి మా అమ్మాయి గోడకు జారగిలబడి ఏడ్చేసింది.

గుర్రాన్ని కట్టే చోటు వెతికేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆ చోటు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు రాత్రిపూట గుర్రం పక్కన పడుకునే మనిషి ఎవరో చూడండి. యజమానితో కాఫీ తాగుతూ మాట్లాడితే ఈ సంగతి తేలదు. చెప్పకుండా వెళ్లండి, మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. ఆ వేళకు స్వారీకి వచ్చేవాళ్లు ఉండరు, గుర్రాలు ఎలా బతుకుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. బకెట్లలో నీళ్లున్నాయా? మేత ముందుందా? గుర్రం కడుపు దాని ఒంటికి చాలా చిన్నది, రోజంతా కొంచెం కొంచెంగా నమిలేలా పుట్టింది. నాలుగున్నర క్వింటాళ్ల గుర్రానికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి కావాలి. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత ఓట్స్ పోసి మధ్యలో ఖాళీ గోడ చూస్తూ నిలబెడితే ఊరే ఆమ్లానికి కడుపులో పుండ్లు పడతాయి. తలుపు కొరుకుతూ గాలి మింగే గుర్రాలు, నిలబడ్డచోటే అటూ ఇటూ ఊగే గుర్రాలు రెండు మూడు కనిపించాయంటే అక్కడ వాటిని బయటికి వదలడం లేదనే నా లెక్క.

గడ్డిని గుప్పిట్లోకి తీసుకుని వాసన చూడండి. బూజు వాసన వచ్చినా, దుమ్ము లేచినా వద్దు. గదిలో మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి పీల్చండి. గుర్రం పడుకున్నప్పుడు దాని ముక్కు ఉండేది ఆ ఎత్తులోనే. అక్కడ ఉచ్చ ఘాటు కళ్లకు ఎక్కిందంటే కింద పరుపు మార్చడం లేదన్నమాట. ఎవరిదైనా సరే ఒక గుర్రం గిట్ట ఎత్తి చూపమనండి. గిట్ట అడుగున గాడుల్లో నల్లగా, కుళ్లు వాసనతో ఉంటే అది తడిలో నిలబడుతోంది. గిట్టలు చెక్కి నాడాలు కొట్టే నాల్‌బంద్ ఆఖరిసారి ఎప్పుడు వచ్చాడో అడగండి. ఆరు వారాలకు మించితే నాడాలు వదులవుతాయి, గిట్టలు పెరిగిపోతాయి.

దుకాణంవాణ్ని కాబట్టి ఇంకో మాట. తలుపు గడియలు చూడండి. బయటికి పొడుచుకొచ్చిన గడియకు, నట్టుకు గుర్రం డొక్క చీరుకుపోతుంది. చుక్క పక్క గదిలోని గుర్రానికి పదకొండు కుట్లు పడ్డాయి. నలభై రూపాయల సామాను మారిస్తే పోయేది.

వానాకాలంలో జోరీగల సంగతి ఏం చేస్తారని తప్పకుండా అడగండి. రక్తంలో సూక్ష్మజీవి చేరి వచ్చే సర్రా జబ్బును ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి మోసేది అవే. ధనుర్వాతం టీకా వేయించని చోట అడుగు పెట్టవద్దు, గుర్రాలకు అది మహా తొందరగా సోకుతుంది. కొత్తగా వచ్చిన గుర్రాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచుతారో లేదో తెలుసుకోండి. గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్షకు రక్తం హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపిన కాగితం చూపమని అడిగితే నన్ను ఒకచోట వింతగా చూశారు. ఆ జబ్బు మనుషులకూ అంటుకుంటుంది. తేలితే గుర్రాన్ని చంపక తప్పదని చట్టం. అక్కడ స్వారీ నేర్చుకునేది మన పిల్లలే కదా.

ఇప్పుడు చుక్క శామీర్‌పేట అవతల ఒక లాయంలో ఉంటోంది. చూడ్డానికి ఏమీ ఉండదు. వేపచెట్ల కింద షెడ్లు, ఒక బోరు, గదుల వరసకు ఎదురుగా ఒక నులక మంచం. ఆ మంచం చూసే ఒప్పుకున్నాను. గోడ మీది నల్లబల్లపై ఒక్కో గుర్రానికి ఏ పూట ఎంత మేతో సుద్దముక్కతో రాసి ఉంటుంది. రోజూ నాలుగైదు గంటలు రెండు గుర్రాలతో కలిపి బయట వదులుతారు. కిందటి నెల సైస్ పొద్దున్నే ఫోన్ చేసి, రాత్రి లద్దె రెండుసార్లు తక్కువ వేసింది, నీళ్లు కూడా మిగిల్చింది, పట్టుకుని తిప్పుతున్నాను, డాక్టరుకు చెప్పమంటారా అన్నాడు. గోరువెచ్చని నీళ్లలో తవుడు, ఉప్పు కలిపి పట్టించి, గంటసేపు నడిపించేసరికి సర్దుకుంది. లద్దెలు లెక్కపెట్టే మనిషి దొరికాడని ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకున్నాం.

అతనితో, యజమానితో కాగితం మీద కూడా రాసుకున్నాం. నేను ఫోన్ ఎత్తకపోతే డాక్టరును పిలిచే నిర్ణయం ఎవరిది, ఎంత ఖర్చు వరకు, మేత మార్చాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నీ అందులో ఉన్నాయి. మొదటి చోట మాకున్నది డబ్బు కట్టిన రసీదు ఒక్కటే.

మీ నుంచి కోరేది రెండు. మళ్లీ ఈ క్లబ్బుల గురించి రాసేటప్పుడు మీ విలేకరిని రాత్రి పదకొండింటికి ఒకసారి లాయం వైపు వెళ్లి రమ్మనండి, ఎవరున్నారో రాయమనండి. రాత్రివేళ గుర్రాలకు వైద్యం చేసే డాక్టర్ల, పశువైద్యశాలల నంబర్లు ఆ పేజీలోనే ఒక మూల వేయండి. ఆ తెల్లవారుజామున నంబరు కోసం నలుగురిని నిద్ర లేపాను, గంటంబావు పట్టింది.

ఇట్లు
ఒక పాఠకుడు, సరూర్‌నగర్, హైదరాబాద్