రక్తం తీయించుకుంటే వయసు తగ్గుతుందా?

సంపాదకులకు నమస్కారం.

క్రమం తప్పకుండా రక్తం తీయించుకుంటే ముసలితనం దరిచేరదన్న మాట ఈ మధ్య మా కావలిలో ఉదయపు నడకకు వచ్చేవారి నోట తరచూ వింటున్నాను. ఒంట్లో ఇనుము అతిగా పేరుకుంటే అవయవాలు దెబ్బతింటాయన్నది నిజమే. అలా ఇనుము పేరుకునే హీమోక్రొమటోసిస్ అనే జన్యువ్యాధికి రక్తం తీయడమే చికిత్స. అంతమాత్రాన ఆరోగ్యవంతులకు అది ఆయుష్షు పోస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. 1799లో గొంతువాపుతో మంచం పట్టిన అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కు వైద్యులు ఒక్కరోజే పలుమార్లు రక్తం తీశారు. ఆ రాత్రే ఆయన కన్నుమూశారు.

నా భయం మన ఆడవాళ్ల గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రోజంతా బురదలో నడుము వంచి వరి నాట్లు వేసే తల్లి ఈ మాట నమ్మితే, ఉన్న కాస్త సత్తువా పోదా?

రక్తం ఇవ్వదలచినవారు బ్లడ్ బ్యాంకుకే వెళ్లాలి. అక్కడ హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉంటేనే తీసుకుంటారు. పురుషులు 3 నెలలకు, స్త్రీలు 4 నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. ఆ రక్తం తలసీమియా బిడ్డకో, కాన్పు కష్టమైన తల్లికో అందుతుంది. దయచేసి మీ ఆరోగ్య పేజీలో వైద్యులతో ఈ విషయం వివరంగా రాయించండి.

— ఒక రక్తదాత, కావలి, నెల్లూరు జిల్లా